రెండోసారి అడగని ఇల్లు

తెలియని ఊళ్లో మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో ఫోను చెప్పగలదన్న నమ్మకంతో అశోక్ రాజమండ్రిలో రైలు దిగాడు. సొంతూరు జమ్మలమడుగు. స్కానింగు యంత్రాలు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. గోదావరి ఒడ్డునున్న ఒక ఆసుపత్రిలో రెండు వారాల పని మీద వచ్చాడు. మొదటిరోజు మధ్యాహ్నం, ఫోను సిఫారసు చేసిన హోటలు నుంచి తెప్పించుకున్న నూడిల్స్ పొట్లం ఎక్స్‌రే గది వరండాలో విప్పుతూండగా, ఆ గది టెక్నీషియన్ ప్రిస్కిల్లా తలుపు తీసింది.

"ఏంటండీ ఇది?"

"లంచ్ అండి."

"రాజమండ్రి వచ్చి ఇదా తింటున్నారు?"

"ఫోర్ పాయింట్ ఫైవ్ రేటింగ్ అండి!"

"ఇచ్చినవాళ్లంతా మీలాగే రైలు దిగినవాళ్లయ్యుంటారు. ఒకరినొకరు మోసం చేసుకుంటున్నారు, పాపం."

అశోక్‌కు కోపం వచ్చింది. ఆమె మాటకు కాదు, ఆ మాట నిజమని మొదటి ముద్దలోనే తేలినందుకు. "అయితే ఎక్కడ తినాలో మీరే చూపించండి" అన్నాడు సవాలుగా. ఆ సవాలు లేకపోతే ఈ కథే లేదు.

మరునాడు పొద్దున్న, డ్యూటీకి ముందు, ఆమె అతన్ని ఒక సందు చివర బోర్డు లేని ఇంటి అరుగు దగ్గరికి తీసుకువెళ్లింది. పనసాకులను పుల్లలతో కుట్టిన చిన్న బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు అక్కడ దొరుకుతాయి. అశోక్ ఆకు విప్పాడు. ఈనెలతో సహా ఆకు అచ్చు ఆ తెల్లదనం మీద దిగి ఉంది. పచ్చి ఆకూ, వేడి పిండీ కలిసిన పరిమళం ముఖానికి తగిలింది. కొబ్బరి పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"బాగోలేదేంటండీ?"

"కాసేపు పలకరించకండి. ప్లీజ్."

ఆమె నవ్వుకుంది. తను పుట్టి పెరిగిన ఊరిని ఇంత భక్తిగా నమిలేవాణ్ణి ఆమె అంతవరకు చూడలేదు.

ఆ పొద్దుటి తరువాత గోంగూర రొయ్యలు వచ్చాయి, అల్లం పచ్చడితో ఉప్మా పెసరట్టు వచ్చింది, గాజుగ్లాసులో గులాబీరంగు పాలు వచ్చాయి. ఒక సాయంత్రం తుంపర్లలో వంతెన మీద నిలబడి ఇద్దరూ వరద చూశారు. ఎర్రటి నీరు, అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పున, తొందర లేకుండా కదిలిపోతోంది.

"మా పెన్నలో ఎక్కువ రోజులు ఇసకేనండి" అన్నాడు అశోక్, గొంతు తగ్గించి. "ఇన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని నేను అనుకోలేదు."

"ఇక్కడ చినుకు లేకపోయినా, ఎక్కడో ఎగువన కురిస్తే చాలండి, మా రేవులో రంగు మారిపోద్ది" అంటూ ఆమె అతని వైపు చూసింది. అతను నదిని చూస్తున్నాడు. అతను ఆమె వైపు తిరిగేసరికి ఆమె నదిని చూస్తోంది. ఈ చూపులు ఎంతకూ కలవకపోవడం వల్ల ఇద్దరికీ గొడుగు తెరవాలన్న సంగతి గుర్తు రాలేదు.

ఇంతలో ఒక పొరపాటు జరిగింది. ఆసుపత్రి క్లర్కు శ్యాంబాబు స్కూటరు స్టార్టు చేస్తూ, "మా ఇంటికి భోజనానికి రండి ఒకసారి" అన్నాడు. అశోక్ ఆ సాయంత్రమే వెళ్లాడు. వాళ్లు తత్తరపడి, అప్పటికప్పుడు రెండు కూరలు వండి, బ్రహ్మాండంగా పెట్టారు. మర్నాటికల్లా ఆ సంగతి ఆసుపత్రంతా చెప్పుకుని నవ్వుకుంది. ఆ నవ్వు అతను దిగిన లాడ్జి మేనేజరు పల్లంరాజు దాకా చేరింది.

"పిలవగానే వెళ్లిపోయారాండీ?"

"పిలిచారు కదా!"

"పిలుస్తారండి. ఆయ్, మా వైపు పిలవడమంటే ఊపిరి తీసుకోవడమే. ఒకసారి పిలిస్తే 'అబ్బే, ఎందుకండీ' అనాలి. మళ్లీ పిలిస్తే 'చూద్దాంలెండి' అనాలి. అయినా వదల్లేదంటే, అదండీ అసలు పిలుపు!"

అశోక్ ఆ నియమాన్ని ఇంజనీరుకు తగిన శ్రద్ధతో ఒంటబట్టించుకున్నాడు. దాని ఫలితం శనివారం అనుభవించాడు.

ఆ రోజు యంత్రం బాగయింది. సోమవారం పొద్దున్నే అతను బయలుదేరాలి. ప్రిస్కిల్లా ఎక్స్‌రే గది గుమ్మంలో నిలబడి, మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ, "రేపు చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికి రండి. అమ్మానాన్నలకి మీ గురించి చెప్పాను" అంది.

అతని గుండె గంతేసింది. కాని తేలికైపోకూడదు కదా!

"అబ్బే, ఎందుకండీ శ్రమ. వద్దులెండి" అని, రెండో పిలుపు కోసం చిరునవ్వుతో ఎదురుచూశాడు.

"సరేనండి" అంది ఆమె. తలుపు మూసుకుంది. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది.

పల్లంరాజు అంతా విని నెత్తి పట్టుకున్నాడు. "ప్రిస్కిల్లా అంటే ధవళేశ్వరంలో యెహెజ్కేలు మాస్టారి అమ్మాయా? కొంప ముంచారండీ! ఆయన నాకు లెక్కలు చెప్పారు. ఆ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు. మాస్టారి నాన్నగారు ఒకరి చేలో కోత కోసి బతికినాయన. మొహమాటానికి వడ్డించిన అన్నం విస్తట్లో మిగిలిపోతే మాస్టారు చూడలేరు, అందుకే ఎవర్నీ బలవంతపెట్టరు. చిన్నప్పుడు ఆయన గారెలు తింటావా అంటే నేనూ వద్దన్నానండి. ఇప్పటికీ ఆ వాసన మర్చిపోలేదు."

"మరి ఆ అమ్మాయి…"

"ఆ అమ్మాయి దృష్టిలో మీరు వద్దన్నారు. అంతే!"

ఆదివారం మధ్యాహ్నం జోరువానలో అశోక్ ధవళేశ్వరం వెళ్లి, పిలుపు లేని ఇంటి గేటు ముందు నిలబడ్డాడు. వరండాలో కళ్లద్దాలు తుడుచుకుంటున్న పెద్దాయన తలెత్తారు.

"ఎవరండీ?"

"అశోక్‌నండి. నిన్న మీ అమ్మాయిగారు పిలిస్తే వద్దన్నాను. అది అబద్ధమండి. మర్యాద అనుకున్నాను."

"రెండోసారి అడుగుతారనా?"

"అవునండి."

యెహెజ్కేలుగారు నవ్వలేదు. "అమ్మా ప్రిస్కిల్లా" అని పిలిచి, తాము లేచి లోపలికి వెళ్లారు. ఆమె గడపలో నిలబడింది.

"ఏంటండీ ఇలా వచ్చారు?" ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "పెసరట్టుకి వద్దనలేదు, పొట్టిక్కలకి వద్దనలేదు. మా ఇంటికే వద్దన్నారు."

"మీరు మళ్లీ అడగరని తెలిసే వచ్చానండి. ఇప్పుడు అడగాల్సింది నేను. నేనూ ఒక్కసారే అడుగుతాను. మీరు వద్దంటే వద్దనే అనుకుని వెళ్లిపోతాను, దానికి వేరే అర్థం వెతకను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

చూరు మీంచి నీరు ధారకట్టి పడుతోంది. ఆమె తొందరపడలేదు. అతని తడిసిన చొక్కానూ, బురద బూట్లనూ, చివరికి అతని కళ్లనూ చూసింది. ఈసారి ఎవరూ చూపు తిప్పుకోలేదు.

"చేసుకుంటాను" అంది.

బతిమాలించుకోకుండా, విరుపు లేకుండా, ఒక మనిషి తన జీవితాన్నంతా ఇంత చిన్న మాటలో పెట్టి ఇవ్వగలదని అశోక్ ఎరగడు.

లోపల్నుంచి ప్రిస్కిల్లా తల్లి సంపూర్ణమ్మగారి గొంతు వినిపించింది. "వద్దన్నారని మీకు వండలేదు బాబూ! ఎసరు పెడుతున్నాను. తల తుడుచుకో. ఏమే, తువ్వాలివ్వు!"

అన్నం ఉడికేదాకా వాళ్లెవరూ తినలేదు. బల్ల చుట్టూ కూర్చున్నాక యెహెజ్కేలుగారు కళ్లు మూసుకున్నారు. "దయగల తండ్రీ, ఈ పూట మా ముగ్గురికీ…" అని రోజూ అలవాటైన మాట దగ్గర ఆగారు. అశోక్ వంచిన తల ఎత్తలేదు.

"మా నలుగురికీ" అని దిద్దుకుని, ఆయన ప్రార్థన కొనసాగించారు.