ధృతి పక్షం

పెసరట్టు చల్లారిపోతోంది. నిఖిలేశ్ ఇంకా ముక్క తుంచలేదు. చెవి వెనకనున్న మనోచాలకం ఏదో అడుగుతోంది, అతను కళ్ళు మూసుకుని లోలోపలే జవాబు చెబుతున్నాడు.

"ఏమంటోంది నీ ధృతి?" అన్నాడు ఎదురుగా కూర్చున్న సాకేత్.

"పొద్దున కాలవగట్టు మీద కొంగని చూశాన్లే. ఆ జ్ఞాపకం ఉంచాలా, తీసెయ్యాలా అంటోంది."

"కొంగక్కూడా నీ అనుమతి కావాలా దానికి? మా త్వరిత అయితే ఈపాటికి అట్టు తినిపించి చేతులు కడిగించేది."

"నన్నడక్కుండా నా తలలో చెయ్యిపెట్టేదాన్ని చచ్చినా పెట్టుకోన్రా."

మనుషుల జ్ఞాపకాలనూ మాటలనూ క్రమంలో నడిపే మనోచాలకాలు వచ్చి ముప్పై ఏళ్ళయింది. వాటివల్ల దేశం రెండు పక్షాలయింది. వాటిలో ధృతి రకం ప్రతిదీ అడిగి చేస్తుంది. త్వరిత అడక్కుండానే చక్కబెడుతుంది. అరవై దాటిన ఈ పెద్దమనుషులిద్దరూ పద్దెనిమిదేళ్ళుగా రోజూ బెజవాడలోని ఇదే హోటల్లో, ఇదే బల్ల దగ్గర, దీనిమీదే తగువు పడుతున్నారు. ఒక్కడైనా అంగుళం కదిలితే ఒట్టు.

ఆ పూట తగువు సగంలో ఉండగా నిఖిలేశ్ బల్ల మీదికి ఒరిగిపోయాడు.

"మెదడులో గడ్డ తీసేశామండీ. చాలకం మాత్రం పాడైంది," అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. "మళ్ళీ ధృతినే ఎక్కించాలంటే అది అడుగడుగునా ఆయన్ని అడుగుతుంది. ఆయన చెప్పే స్థితిలో లేరు. త్వరిత అయితే గంటలో ఎక్కుతుంది. ఆలస్యమైతే మాట పడిపోవచ్చు. మాటమనిషి మీరే కదా, చెప్పండి."

ఒకరు నోరెత్తలేనప్పుడు వారి తరఫున ఒప్పుకునేవారే మాటమనిషి. పెళ్ళాంబిడ్డలు లేని నిఖిలేశ్ చాలకం కాగితాల్లో ఆ చోట సాకేత్ పేరు రాశాడు. రోజూ తగువాడేవాడి పేరు ఎందుకు రాశాడో సాకేత్‌కి అంతుపట్టలేదు. మాట పోయినవాడు నిఖిలేశ్ అవుతాడా? త్వరిత ఎక్కినవాడు అవుతాడా? ఇంతకీ తను స్నేహితుణ్ణి కాపాడుతున్నాడా, వాదం నెగ్గుతున్నాడా? ఏమీ తేలకుండానే త్వరితకి ఒప్పుకుంటూ వేలిముద్ర వేశాడు.

పదో రోజున నిఖిలేశ్ లేచి కూర్చున్నాడు. మాట చక్కగా ఉంది.

"త్వరిత హాయిగా ఉందిరా. నువ్వన్నదే నిజం."

సాకేత్‌కి సంతోషం కలగాలి. భయం వేసింది.

"అదేంట్రా, నిన్నడక్కుండా అన్నీ చేసేస్తుంటే..."

"అడగడమెందుకు? సుఖంగానే ఉందిగా."

సాకేత్ వరండాలోకి పోయి డాక్టరమ్మని పట్టుకున్నాడు. ఆవిడ చేతిలోని తెరపలకలో చూసి చెప్పింది. "ఒకేరకం జ్ఞాపకాలు పదేపదే ఉంటే త్వరిత ఒక్కటి ఉంచి తక్కినవి తీసేస్తుందండీ. తలలో చోటు కలిసొస్తుంది. మంచి సదుపాయమే."

పద్దెనిమిదేళ్ళకి ఒక్క పూట మిగిలిందన్నమాట. అది ఏ పూటో అడక్కుండానే అతను వెనక్కి తిరిగాడు.

లోపలికి వచ్చేసరికి నిఖిలేశ్ మర్యాదగా కుర్చీ చూపించాడు.

"మనం రోజూ కలిసేవాళ్ళమని నర్సు చెప్పింది. నాకు ఒక్కసారే గుర్తుంది. అన్నేళ్ళు కూర్చుని ఏం మాట్లాడుకునేవాళ్ళంరా?"

సాకేత్ కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, "ధృతి గొప్పదిరా," అని మొదలుపెట్టాడు. అది ఎందుకు గొప్పదో నిఖిలేశ్ చెప్పగా వినడమే తప్ప తను ఎన్నడూ చెప్పి ఎరగడు. తడబడ్డాడు. ప్రతి వాక్యం చివరా అలవాటుకొద్దీ ఎదురుమాట కోసం కాస్త ఆగాడు. నిఖిలేశ్ తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు, ఒక్కసారీ అడ్డు తగల్లేదు.