పెర్మ్ రింకులో పోయిన స్కేట్లు

పెర్మ్ నగరంలో ప్రైవేటు డిటెక్టివ్ సవ్వా ఇలిచ్ దగ్గరికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది మొగుడి మీదో పెళ్ళాం మీదో అనుమానంతో వచ్చేవాళ్ళే. అందుకే ఆ జనవరి ఉదయం ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల బూట్ల మీది మంచు కూడా దులుపుకోకుండా లోపలికి దూసుకొచ్చి, "నా స్కేట్లు పోయాయండీ! రేపు పొద్దున్నే నా విమానం!" అంటూ గోడకు జారగిలబడి ఏడవడం మొదలుపెట్టేసరికి, ఆయన చేతిలోని జామ్ చెంచా నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

ఆయన సహాయకురాలు నోన్నా గబగబా లేచి ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి వేడి టీ చేతికిచ్చింది. నోన్నాకు యాభై ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా సవ్వా ఇలిచ్ దగ్గర పని చేస్తున్నా, ఆయన కేసు విప్పుతుంటే ఇప్పటికీ మొదటిసారి సర్కస్ చూసే పిల్లలా నోరు తెరుచుకుని చూస్తుంది. వచ్చిందెవరో ఆమె చూడగానే పోల్చుకుంది. ఉల్యానా చాగినాను ఎరగనివాళ్ళు పెర్మ్‌లో ఎవరున్నారు గనక?

ఆ ఏడాది సంగతి ఊరంతటికీ పుండు మీద కారమే. ఎవరెవరో ఉత్ప్రేరకాలు మింగి పతకాలు కొట్టారని శీతాకాల క్రీడల్లో దేశం జెండానే నిషేధించారు. ఏ మచ్చా లేని ఆటగాళ్ళను మాత్రం పేరు పేరునా పిలిచి, జెండా లేకుండా, జాతీయగీతం లేకుండా ఆడుకోండి అన్నారు. పెర్మ్ ఐస్ స్కేటింగ్ రింకు నుంచి ఆ పిలుపు వచ్చింది ఒక్క ఉల్యానాకే.

"రాత్రి ప్రాక్టీసయ్యాక తొందరలో తడి కూడా తుడవకుండా లాకర్లో పెట్టానండీ. పొద్దున చూస్తే లాకరు తెరిచుంది, లోపల ఏమీ లేదు. పోలీసులేమో రాసుకున్నాం పొమ్మన్నారు."

"కొత్తవి కొనుక్కుంటే సరిపోదా తల్లీ?" అన్నాడు సవ్వా ఇలిచ్.

ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన్ని ఒకేసారి జాలిగా చూశారు.

"కొత్త స్కేటు బూటు కాలికి అలవాటు పడాలంటే నెలన్నా కావాలండీ," అంది నోన్నా. "ఈలోగా దూకితే మడమ దక్కదు. ఆ స్కేట్లు దొరక్కపోతే ఈ పిల్ల ప్రయాణం లేనట్టే."

ఆయన జామ్ సీసాకు మూత పెట్టి కోటు అందుకున్నాడు.

రింకులో అడుగు పెట్టగానే నోన్నా గుండె ఒక్కసారి వెనక్కి లాగినట్టయింది. ఏడేళ్ళ వయసులో ఆమె ఇక్కడే ఐస్ మీద నిలబడటం నేర్చుకుంది. పైకప్పుకు కొత్త రేకులేశారు, బెంచీలకు కొత్త రంగేశారు. వాసన మాత్రం అదే. తడి ఉన్ని చేతొడుగులు, రబ్బరు చాపలు, క్యాంటీన్లో క్యాబేజీ పూరీల ఆవిరి. ఆ రోజుల్లో ప్రాక్టీసు ముగిశాక కోచ్ రిమ్మా పావ్లొవ్నా పిల్లలందర్నీ ఒక్క బెంచీ మీద వరసగా కూర్చోబెట్టేది. బ్లేడు తుడవాలి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క రాయాలి, బూట్లలో వార్తాపత్రిక ఉండచుట్టి కుక్కాలి, అప్పుడే ఇంటికి. తొందరపడ్డవాళ్ళ చెవి మెలేసేది. ఆ చెవి నొప్పి కూడా ఇప్పుడు నోన్నాకు తియ్యగానే ఉంది.

రిమ్మా పావ్లొవ్నా ఇప్పటికీ ఇక్కడ కోచే. ఊరంతా ఆమెను గౌరవించడానికి కారణం ఆమె నేర్పిన ఆట ఒక్కటే కాదు. డెబ్భయ్యారులో ఇవే శీతాకాల క్రీడలకు ఎంపికైంది. తన గురువును అన్యాయంగా జట్టులోంచి తప్పించారని, ఆయన లేకుండా నేనూ వెళ్ళనని తనంతట తనే ప్రయాణం మానుకుందని చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆ కథ విన్న ప్రతిసారీ నోన్నా ఒళ్ళు పులకరించేది.

"నోన్కా! ఎంత లావయ్యావే!" అని రిమ్మా పావ్లొవ్నా పాత ముద్దుపేరుతో పిలుస్తూ ఆమెను కావలించుకుంది. అరవయ్యారేళ్ళు వచ్చినా వెన్ను నిటారుగానే ఉంది. కళ్ళ కింద మాత్రం నిద్రలేని నీడలున్నాయి. "మా పిల్ల బతుకు చూశావా? పదిహేనేళ్ళు పెంచానే దీన్ని."

సవ్వా ఇలిచ్ ఊరికే తిరుగుతున్నట్టే తిరిగి నాలుగు సంగతులు రాబట్టాడు. లాకరు పగలగొట్టలేదు, తాళంచెవితోనే తీశారు. మారు తాళంచెవులు కోచ్ గదిలో మేకుకు వేలాడుతుంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. ఈ మధ్య ఫోన్లు పోతున్నాయని గేటు దగ్గర కాపలా ఉండే జీనా వచ్చిపోయే ప్రతి సంచీ విప్పి చూస్తోంది. స్కేట్లు ఆమె కంట పడలేదు. నిన్న రాత్రి చివరిదాకా ఉన్నది ముగ్గురే. కోచ్, ఉల్యానా తండ్రి దెమ్యాన్, వేరే కోచ్ దగ్గర నేర్చుకునే సాటి స్కేటరు తాయా.

దెమ్యాన్ ఒకప్పటి హాకీ ఆటగాడు. మనిషి తలుపంత వెడల్పు.

"అవును, వెళ్ళొద్దనే అన్నా. పదిమందిలో అరిచి మరీ అన్నా," అన్నాడు. "జెండా లేకుండా ఆడేదేంటి? అనాథలా?"

"అందుకని స్కేట్లు దాచేశారా?"

"దాచాలనుకుంటే తలుపుకడ్డంగా నిలబడేవాణ్ణి. దొంగతనం నాకెందుకు? రాత్రి దానికి సూప్ తెచ్చా. తాగి, 'నాన్నా, నేను వెళ్తా' అంది. సరే చావు అన్నా. మా ఇంట్లో సరే అంటే అదే."

తాయా బట్టలు మార్చుకునే గదిలో మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. ఆమె మీదా ఏనాడూ మచ్చ లేదు. ఉల్యానా ఎన్ని పరీక్షలిచ్చిందో ఆమె కూడా అన్నీ ఇచ్చింది. పిలిచినవాళ్ళ జాబితాలో ఆమె పేరు మాత్రం లేదు.

"ఎందుకు లేదమ్మా?"

"నన్నడుగుతారేంటండీ? వాళ్ళనడగండి. ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు. నేనేం తిన్నాను, ఏం తాగాను? మా అమ్మ కట్లెట్లు తప్ప!" తాయా ముక్కు చీదుకుంది. "అందరూ నా వంకే చూస్తున్నారు, నేనే తీశానని. అది వెళ్ళకపోతే నన్ను పిలుస్తారా ఏమన్నా? ఇక్కణ్ణుంచి దాన్నొక్కదాన్నే కదా పిలిచింది. అదన్నా వెళ్ళాలి."

సవ్వా ఇలిచ్ నడవలో కాసేపు పచార్లు చేశాడు. "నోన్నా, స్కేట్లు ఈ భవనం దాటలేదు. తీసినవాడికి వాటి మీద కోపమే ఉంటే అక్కడికక్కడే లేసులు కోసేసి, బ్లేడు రాతికేసి గీసేసేవాడు. మోసుకుపోయి దాచే శ్రమెందుకు? వాటికేమీ కాకూడదు అనుకున్నవాడి పని ఇది. ఈ కొంపలో వెచ్చగా, తడిలేకుండా ఉండే చోటు ఎక్కడుంది?"

"వేషాల గది," అంది నోన్నా ఆలోచించకుండానే. "నూతన సంవత్సరం నాటకాల దుస్తులు అక్కడ పెడతారు. వేడినీళ్ళ గొట్టాలు ఆ గోడలోంచే వెళ్తాయి. చిన్నప్పుడు చలేస్తే అక్కడే దూరేవాళ్ళం."

ఆ గదిలో ట్రంకు పెట్టె తెరిచారు. పైన కుందేలు చెవులు, వాటి కింద మంచుకన్య నీలం కోటు. ఆ కోటు మడతల్లో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి స్కేట్లు పెట్టి ఉన్నాయి. నోన్నా ఒకటి బయటికి తీసింది. లేసుల కిందుండే బూటు నాలుక ముందుకు లాగి ఉంది. లోపల వార్తాపత్రిక ఉండలు బిర్రుగా కుక్కి ఉన్నాయి. బ్లేడు తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుట్టు మిషను నూనె వాసన. నోన్నా పెదవుల మీద చిరునవ్వు విచ్చుకుంది. ఆ మరుక్షణమే ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

సవ్వా ఇలిచ్ ఆ రెండూ చూశాడు.

నోన్నా స్కేటును మళ్ళీ కోటులో చుట్టేసింది. తొమ్మిదేళ్ళలో ఆయన దగ్గర ఒక మాట దాచుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"దొరికాయని ఎవరికీ చెప్పకు," అన్నాడాయన. "అందర్నీ ఐస్ పక్కన బెంచీల దగ్గరికి పిలువు. తడిసిన స్కేట్లు మూడు జతలు కావాలి. ఒక నూనె డబ్బా, నాలుగు గుడ్డలు, పాత పేపర్లు కూడా."

అందరూ వచ్చారు. ఉల్యానా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. సవ్వా ఇలిచ్ మెడకు మఫ్లరు రెండు చుట్లు చుట్టుకుని, చలికి తిట్టుకుంటూ నిలబడ్డాడు.

"నాకు ఐస్ అంటే వోడ్కాలో వేసుకునేది తప్ప మరోటి తెలీదు. పోయిన వస్తువు సంగతి తెలియాలంటే దాన్ని ఎలా చూసుకుంటారో తెలియాలి కదా. ఆడి వచ్చాక స్కేట్లు ఎలా సర్దిపెడతారో తలా ఒక జత తీసుకుని నాకు చూపించండి."

తాయా విసుగ్గా బ్లేడు తుడిచి, మెత్తటి గుడ్డ తొడుగు వేసి, లేసులు వదులు చేసి పక్కన పెట్టింది. "అంతే. ఫ్యాను ముందు పెడితే ఆరిపోతాయి."

"నూనె రాయవా?"

"ఎందుకండీ? ఇప్పటి బ్లేడ్లు తుప్పు పట్టవు కదా!"

దెమ్యాన్ బూటులో ఒక పేపరు కుక్కి, బ్లేడుకు తడి ఉండగానే ప్లాస్టిక్ తొడుగు ఎక్కించి, రెండిటి లేసులూ ముడేసి మెడలో వేసుకున్నాడు. "మా హాకీ వాళ్ళం ఇంతే."

రిమ్మా పావ్లొవ్నా ఒక్క క్షణం ఆగింది. పక్క బెంచీ మీద ప్రాక్టీసుకొచ్చిన చిన్నపిల్లలు ఆరుగురు మెడలు చాపి చూస్తున్నారు. ఆమె గుడ్డ అందుకుంది. మడమ నుంచి మునివేళ్ళ దాకా ఒకటే వరసలో తుడిచింది. బూటు నాలుక ముందుకు లాగింది. పేపరును చిన్న చిన్న ఉండలు చుట్టి మునివేళ్ళ దాకా ఒక్కొక్కటే కూరింది. చెయ్యి దానంతటదే నూనె డబ్బా కోసం చాచుకుంది. చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

సవ్వా ఇలిచ్ నీలం కోటు విప్పి స్కేట్లను ఆమె పక్కన పెట్టాడు. అదే నాలుక, అవే ఉండలు, అదే నూనె.

"గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు చేస్తారేమో అనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "మీరు ఆ పని కూడా చెయ్యలేదు. దెమ్యాన్‌కి పేపరు తెలుసు, నూనె తెలీదు. తాయాకి రెండూ తెలీవు. రెండూ తెలిసింది మీకే. కావాలంటే నన్ను తేలిగ్గా మోసం చెయ్యొచ్చు, తప్పుగా సర్ది చూపిస్తే చాలు. పిల్లలు చూస్తుండగా తప్పుగా చేసి చూపించడం మీకు చేతకాదు."

"రిమ్మా పావ్లొవ్నా?" అంది ఉల్యానా. ఆ గొంతులో కోపం లేదు. నమ్మకం కుదరలేదు, అంతే.

ముసలామె బెంచీ మీద కూర్చుంది.

"వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు? గౌరవం లేని చోటికి వెళ్ళకూడదు, మానుకో అని. నువ్వేమన్నావో గుర్తుందా? 'మీరు మానుకోగలిగారు. మీరు గొప్పవాళ్ళు. నా వల్ల కాదు' అన్నావు." ఆమె చేతిలోని గుడ్డను మెలితిప్పింది. "నేనేమీ మానుకోలేదమ్మా. మా అన్న ఓడలో బాజా వాయించేవాడు. పరాయి రేవులో దిగి మళ్ళీ ఎక్కలేదు. వాడు దేశం విడిచి పారిపోయాడని జట్టులో నా పేరు కొట్టేశారు. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. గురువుగారి కోసం ఆగానన్న కథ తర్వాత ఎవరో అల్లారు. వినడానికి బావుంది. కాదనలేకపోయాను. నలభై ఏళ్ళు అందులోనే బతికాను."

"మరి నా స్కేట్లెందుకు తీశారు?"

"నాకు మూసేసిన తలుపు నీకు సందంతైనా తెరిచారు కదా. అది చూడలేకపోయాను. జెండా, గౌరవం అని ఏవేవో చెప్పాను గానీ, అసలుది అసూయ. అంతకంటే ఏమీ లేదు." ఆమె తలెత్తింది. "వాటికి గీత కూడా పడనివ్వలేదు. చూసుకో."

దెమ్యాన్ నోట్లోనే ఏదో తిట్టబోయి తాయా వైపు చూసి ఆగిపోయాడు. తాయా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరి తప్పుకో శిక్ష పడటమంటే ఏమిటో అక్కడున్నవాళ్ళలో ఆమెకే ఎక్కువ తెలుసు.

నోన్నా వెళ్ళి రిమ్మా పావ్లొవ్నా పక్కన కూర్చుంది. "పెట్టె తెరవగానే నాకు తెలిసిపోయిందండీ. ఈయనకు మాత్రం చెప్పలేదు," అంది.

"చెప్పింది," అన్నాడు సవ్వా ఇలిచ్. "నూనె వాసన చూసి ముందు నవ్వింది. దొంగను పోల్చి ఎవరూ నవ్వరు. చిన్నప్పుడు చెవి మెలేసిన చెయ్యి గుర్తొస్తేనే అలా నవ్వుతారు. పేర్లు సరిచూసుకోవడమొక్కటే నాకు మిగిలింది."

ఉల్యానా స్కేట్లు తీసుకుంది. పేపరు ఉండలు ఒక్కొక్కటే బయటికి తీసి బెంచీ మీద పెట్టింది. పోలీసులన్న మాట ఆమె ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు.

"అప్పుడు ఆ పోటీలు టీవీలో చూశారా మీరు?" అని అడిగింది.

"లేదు. ప్లగ్గు పీకేశాను."

"ఈసారి చూడండి," అని ఆ పిల్ల తండ్రి వెనకే బయటికి నడిచింది.

ఫిబ్రవరిలో ఆ పోటీ రోజు ఉదయం నోన్నా కమ్మటి రొట్టె ఒకటి కొనుక్కుని రిమ్మా పావ్లొవ్నా ఇంటికి వెళ్ళింది. ముసలామె అప్పటికే టీవీ ముందు కూర్చుని ఉంది, రింకుకు వెళ్ళేటప్పుడు వేసుకునే కోటు వేసుకుని. ఉల్యానా ఐస్ మీదికి వచ్చింది. ఒంటి మీద దేశం గుర్తు ఎక్కడా లేదు. పిలిచింది ఆమె పేరునే. మొదటి దూకు బాగా పడింది. రెండోదానికి కాస్త తూలినా చేత్తో ఐస్ తాకకుండా నిలబడింది. మూడోది ఎంత తేలిగ్గా దూకిందంటే, నోన్నా తెలియకుండానే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మార్కుల కోసం కూర్చునే బెంచీ మీద ఉల్యానా పక్కన మాస్కో నుంచి వచ్చిన ఎవరో కోచ్ ఉన్నాడు. పెద్ద మార్కులేమీ రాలేదు, పతకాలకు చాలా దూరం. ఆ పిల్ల నీళ్ళసీసా దించి నేరుగా కెమెరాలోకి చూసి, ఎవరినో అడుగుతున్నట్టు కనుబొమలెగరేసింది.

"చూశానే, చూశాను," అంది రిమ్మా పావ్లొవ్నా టీవీతో. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. "రెండోదానిలో భుజం జారిపోయింది. రానీ, చెప్తా దాని పని."