గద్దలతో పాటు ఎగిరిన గ్లైడర్

న్గోంగ్ కొండ అంచున నిలబడి మురేతి తన పసుపు రంగు గ్లైడర్‌ను గాలిలోకి వదిలాడు. ఇంజను లేని బొమ్మ విమానం అది. లోయలోంచి పైకి తన్నుకొచ్చే గాలే దానికి ఆధారం. రిమోట్‌తో దాన్ని ఒక చుట్టు తిప్పాడో లేదో, ఎర్రతోక గద్ద ఒకటి దూసుకొచ్చి ఫాట్‌మని తన్నింది. రెక్క ఊడిన విమానం గిరికీలు కొడుతూ కిందికి పోయింది.

మురేతి పడుతూ లేస్తూ వాలు దిగేసరికి, మెడలో బైనాక్యులర్స్ వేసుకున్న ఓ అమ్మాయి ఆ రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది మీదేనా?"

"నాదేనండీ, థాంక్స్. ఆ దిక్కుమాలిన గద్ద..."

"దాన్నేమైనా అన్నారంటే రెక్క ఇవ్వను. ఆ బండ మీద దాని గూడుంది. పిల్లకింకా ఎగరడం రాలేదు. దాని ఇంటి మీదికి విమానం తోలి, పైగా దాన్నే తిడతారా?"

"నాకేం తెలుసు? గద్ద బోర్డు పెట్టుకోలేదుగా!"

కోపంగానే ఉండాలని చూసింది గానీ ఆమెకు నవ్వొచ్చేసింది. పేరు నాసియెకు. పక్షుల సంఘం తరఫున కొండ మీది గూళ్లను కనిపెట్టుకుని ఉంటుంది. ఆ నవ్వు చూశాక మురేతికి రెక్క సంగతే గుర్తులేదు.

అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. "ఆదివారం ఇక్కడ మీ గ్లైడర్ క్లబ్ పోటీలట కదా. అన్ని విమానాలు తిరిగితే తల్లి గూడు వదిలి పోతుంది. పిల్ల బతకదు."

"నేను మాట్లాడతాను" అన్నాడు మురేతి ఛాతీ విరుచుకుని.

పోటీల చోటు మార్చమని మురేతి అడగ్గానే, క్లబ్ పెద్ద బారాసా చాయ్ కప్పు పక్కన పెట్టి నిలదీశాడు. "ఒరేయ్, ఇంత మంచి గాలి ఇంకెక్కడుందిరా? ఇదంతా గద్ద కోసమా, గద్దను చూసే పిల్ల కోసమా?"

"ఇద్దరి కోసమూ అన్నా. అవతలి గుట్ట మీద పెట్టుకుందాం. గాలి లేకపోతే నన్ను తిట్టండి."

అందరూ పగలబడి నవ్వి ఒప్పుకున్నారు. ఆదివారం అందరూ కలిసి తిట్టారు కూడా. అవతలి గుట్ట మీద గాలి బద్ధకంగా ఉంది. విమానాలు ఒకదాని వెనక ఒకటి గడ్డిలో కూలబడ్డాయి. చివరికి మురేతి వంతు వచ్చింది. రెక్క అతికించిన పసుపు గ్లైడర్ కూడా కిందికే జారుతోంది.

నాసియెకు పరుగున వచ్చి పక్కన నిలబడింది. "కుడివైపు తిప్పు! ఆ రెండు గద్దలు చూడు, రెక్క ఆడించకుండా పైకి లేస్తున్నాయి."

"మళ్లీ గద్దల దగ్గరికా? ఈసారి రెండో రెక్క కూడా పోతుంది!"

"వాటికిక్కడ గూడు లేదు. నన్ను నమ్ము."

'నమ్మండి' అనలేదు, 'నమ్ము' అంది. మురేతి కుడివైపు తిప్పేశాడు. గద్దలు ఆ పసుపు చుట్టాన్ని ఓసారి వింతగా చూసి, కాస్త పక్కకు జరిగాయి. మూడూ కలిసి చుట్లు తిరుగుతూ పైకి, ఇంకా పైకి లేచాయి. గుట్టంతా ఈలలు. నాసియెకు గెంతుతూ అతని మోచెయ్యి పట్టేసుకుంది.

"అయ్యో, వదిలేయనా?"

"వదలొద్దు. పోటీ అయ్యాక కూడా వదలొద్దు."

ఆమె గెంతడం ఆపేసింది. "ఈ మాట మా నాన్నతో చెప్పగలవా? కన్యాశుల్కం ఇవ్వడానికి నీకు ఆవులెన్ని ఉన్నాయని అడుగుతాడు."

"ఆవుల్లేవు. విమానాలున్నాయంటాను."

"విరిగినవి!"

"అతికించినవి."

"ఒరేయ్ మురేతీ, విమానం చూడరా!" బారాసా అరిచాడు. ఎవరు చూస్తారు? గద్దలు ఇంకో చుట్టు తిరిగి లోయ మీదికి సాగిపోయాయి. గ్లైడర్ మాత్రం తీరిగ్గా వచ్చి దూరంగా ఓ ముళ్లపొదలో దిగింది.

తెచ్చుకోవడానికి ఇద్దరూ వెళ్లారు. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.