నిచ్చెన పట్టుకున్న గవర్రాజు

డాక్టర్ ప్రభాకరం అంటే పడి చచ్చిపోని ఆడపిల్ల ఆ రైల్వే కాలనీలో ఒక్కతే ఉండేది. దాని పేరు సుగుణ. ఇంతకీ ఆ ప్రభాకరం అనేవాడు రాయపూర్‌లోనే కాదు, భూమ్మీదే లేడు. వారపత్రికలో వచ్చే ‘పన్నెండో నంబరు మేడ’ అనే సీరియల్లో ఉన్నాడు.

ఆరడుగుల మనిషి, ఉంగరాల జుట్టు, తెల్ల కారు. హీరోయిన్ మంజీరకి తలనొప్పి వస్తే చాలు, నాడి చూస్తానని చెయ్యి పట్టుకుంటాడు. ఆ వారం సంచిక అయిపోయేదాకా వదలడు. కాలనీలో ముప్పాతికమంది మంజీరని డాక్టరుకే ఇచ్చి చెయ్యాలనేవాళ్ళు. మిగిలిన పాతిక వంతు మేడమీద బొమ్మలు గీసుకునే చిత్రకారుడు చంద్రానికి ఇవ్వాలనేవాళ్ళు. ఈ రెండు పార్టీలకీ కుళాయి దగ్గర మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి.

సుగుణకి ఇద్దరూ గిట్టరు. శంకర్ నగర్‌లో ఓ నర్సింగ్ హోమ్‌లో నర్సు కనుక, నిజం డాక్టర్లని రోజుకి ముగ్గుర్ని చూస్తుంది. ఆమె మనసంతా గవర్రాజు మీద ఉంది.

గవర్రాజంటే ఎవరని కాలనీలో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పాపం, అతను ఉన్నదే నాలుగు వాక్యాలు. మంజీర చీర గాలికి ఎగిరి పెంకుల మీద పడుతుంది. మెట్లకింద గదిలో అద్దెకుండే గవర్రాజు నిచ్చెన తెస్తాడు. ఆమె ఎక్కి, చీర తీసుకుని, మళ్ళీ దిగేదాకా కదలకుండా పట్టుకుంటాడు. “ఇంక నేను వెళ్తానండి” అని వెళ్ళిపోతాడు. అంతే, ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ సీరియల్లోకి రాలేదు.

అది 1983. కాలనీ మొత్తానికి వచ్చే తెలుగు వారపత్రిక ఒక్క కాపీ. విజయనగరం వైపు నుంచి వచ్చే బండిలో రావాలి. బండి ముందు స్టేషను మందిర్ హసౌద్ దాటే వేళకి బంగారయ్య గొడుగు తీసుకుని స్టేషనుకి బయల్దేరేవాడు. రిటైరైన గార్డు. ఆయన ఇంటి ముందుగదే తెలుగువాళ్ళ రీడింగ్ రూమ్. ఆదివారం నాలుగింటికి సీరియల్ ఆయనే పైకి చదివి వినిపించేవాడు.

వానాకాలంలో దారి తెగి పత్రిక వచ్చేది కాదు, జనం మాత్రం వచ్చేవాళ్ళు. పొయ్యిమీది పప్పు దించి మరీ వచ్చిన డాక్టరు పార్టీ పైడమ్మని ఉత్త చేతులతో పంపలేక, ఒకసారి బంగారయ్య తోచిందేదో కల్పించి చెప్పాడు. అక్కడినుంచి అదో ఆచారమైపోయింది. సంచిక రాని వారం భాగాన్ని కాలనీలో ఎవరో ఒకరు రాసి గుట్టుగా ఆయన చేతిలో పెట్టేవారు. ఆయన దాన్ని తన గుండ్రటి అక్షరాలతో ఓ పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. పేరు మాత్రం చెప్పడు. రాసిందెవరో తెలిస్తే కథని వదిలేసి మనిషి మీద పడతారని ఆయన భయం. ఆ ఏడాది వానలకి, పత్రికలో ఉన్న కథ కంటే నోటుబుక్కులో ఉన్న కథే ఎక్కువైంది.

ఆ నోటుబుక్కంటే సుగుణకి ప్రాణం. చిత్రమేమిటంటే, అందులోనూ పేజీ పేజీకీ డాక్టరే. అయినా రాసినవాళ్ళలో ఒకరి చెయ్యి ఉంది చూశారూ, వాన రాస్తే చదివేవాళ్ళు కిటికీ మూస్తారు. అంత బాగా రాసినదాన్ని మంజీరకి చూసిన మొగుడు నచ్చలేదని వదిలేసుకుంటారా ఎవరైనా? సోమవారం నోటుబుక్కు ఇంటికి తెచ్చుకునేది. ‘ప్రభాకరం’ అని ఉన్నచోటల్లా పెన్సిలుతో సన్నగా కొట్టి ‘గవర్రాజు’ అని రాసుకునేది. గవర్రాజుకి కారెక్కడిది? కారు కొట్టేసి సైకిలు పెట్టేది. హాయిగా చదువుకుని, కళ్ళు తుడుచుకుని, పెన్సిలు రాతంతా రబ్బరుతో చెరిపి తిరిగి ఇచ్చేది.

ఒక సోమవారం డ్యూటీకి టైమైపోయి చెరపడం మరిచిపోయింది.

“మంజీర గుండె ఝల్లుమంది,” అని పోయినవారం భాగం చివర్నించి ఎత్తుకున్నాడు బంగారయ్య ఆ ఆదివారం. “గేటు ముందు గవర్రాజు సైకిలు దిగి, మెడలో స్టెతస్కోపు సవరించుకుని...” ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చూసినా సైకిలే.

గది గగ్గోలెత్తిపోయింది. డాక్టరు బాబు కారు ఎవరు అమ్మేశారని పైడమ్మ నిలదీసింది. సుగుణ చాప మీద గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో పకపకా నవ్వారు. చూస్తే, నిలువెల్లా తడిసిన కుర్రాడు, ఆ గదికి కొత్త. పేరు పాల్ అనీ, వానల ముందే పలాస నుంచి వచ్చాడనీ, ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డ్రాయింగులు గీస్తాడనీ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అతను సుగుణకి శత్రువు.

వాన తగ్గేదాకా వరండాలో ఆగాల్సి వచ్చింది ఇద్దరికీ. అతను తన చొక్కా అంచు పిండుకుంటూ ఆమె చేతిలో పెన్సిలు వైపు చూశాడు.

“నవ్వొచ్చిందా?” అంది సుగుణ.

“వచ్చిందండి. సైకిలు మీద స్టెతస్కోపు...”

“అంటే కారున్నవాళ్ళకే మెడ ఉంటుందా?”

“అలా అన్లేదండి. అస్సల్ మే డాక్టర్లో మీకు నచ్చందేంటి?”

“నాడి చూడ్డానికి ఒక నిమిషం చాలు. ఆయన మూడు పేజీలు పట్టుకున్నాడు. మా వార్డులో అయితే మేట్రన్‌కి చెప్తాం.”

“పోనీ చంద్రం?”

“బొమ్మ గీస్తానని గంటలకొద్దీ కదలకుండా కూచోమంటాడు. అలాంటివాడితో కాపురం చేస్తే నడుంనొప్పే మిగుల్తుంది.”

అతను మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆమెకి అంత కోపం రాలేదు. రాకపోయేసరికి, ఎవరికీ చెప్పని మాట నోరుజారి చెప్పేసింది. “మా నాన్న పాయింట్స్‌మన్, లివరు లాగి బండిని పట్టా మార్చే పని. బండి పట్టా మారి క్షేమంగా వెళ్తే డ్రైవరుకి దండం పెడతారు, గార్డుకి పెడతారు. లివరు పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరు. ఆ గవర్రాజూ అంతే కదా. పట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. నాకు అతనే కావాలనిపించింది.”

వాన తగ్గింది. పాల్ సైకిలెక్కుతూ, “అయినా డాక్టరు డాక్టరేనండి,” అన్నాడు. అన్నవాడు తిన్నగా పోక వెనక్కి తిరిగి చూశాడు. సుగుణ గొడుగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత నోటుబుక్కులో ఒక వింత జరగడం మొదలైంది. డాక్టరు పాట డాక్టరు పాడుతూనే ఉన్నాడు గానీ, పేజీ అడుగున గవర్రాజు కనిపించాడు. మొదటి వారం ఒక వాక్యం, కుళాయికి వాషరు వేశాడు. రెండోవారం రెండు వాక్యాలు, మంజీర చెప్పు తెగితే ముఖం చూడకుండా కుట్టించి తెచ్చాడు. సుగుణకి కాలు నేలమీద నిలవలేదు. రాసేది ఎవరో పెద్దాయన అయ్యుంటాడని ఊహించుకుని, అంచున పెన్సిలుతో రాసింది: ‘తాతగారూ, ఈ వారం రెండే వడ్డించారు. ఆకలి తీరలేదు.’ తర్వాతి వారం గవర్రాజుకి అరపేజీ వచ్చింది.

ప్రతి ఆదివారం వరండాలో పాల్‌తో పోట్లాటా తప్పేది కాదు. వాన లేని రోజున కూడా వాన తగ్గాలని ఇద్దరూ అక్కడే ఆగడం ఒక్క బంగారయ్యే గమనించాడు.

ఇలా ఉండగా బిలాస్‌పూర్ నుంచి మేనత్త అన్నమ్మ దిగింది. సంచిలోంచి ఫోటో తీసింది. పెళ్ళికొడుకు డాక్టరు. స్టూడియోలో కూడా మెడలో స్టెతస్కోపుతో నిలబడ్డాడు. అక్కడ ఎవరికి జబ్బు చేసిందో మరి.

“సోచ్‌నే కీ బాతేముందే, ఆలోచించడానికేముంది ఇందులో? ఆదివారం సాయంత్రం బండికి నేనెళ్ళాల. ఈలోపు ఊఁ అనెయ్యి,” అంది అన్నమ్మ.

కాలనీకి పండగైపోయింది. పైడమ్మ ఫోటోని రెండుసార్లు ముద్దు పెట్టుకుంది. మంజీరకి ఇంకా కానిది మన సుగుణకి అవుతోందని చిత్రకారుడి పార్టీ వాళ్ళు కూడా వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. తండ్రి సామ్యూల్ ఎప్పట్లాగే ఒక్క మాటతో సరిపెట్టాడు. నీ ఇష్టమే తల్లీ అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. తన ఇష్టమేమిటో సుగుణకి అప్పుడే తెలిసింది. ఫోటో వైపు చూస్తుంటే ఆమెకి తడిసిన చొక్కా, వరండా గుర్తొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం కావాలనే రీడింగ్ రూమ్‌కి వెళ్ళింది. పాల్ ఉన్నాడు. సంబంధం సంగతి చెప్పింది. ఆదివారంలోగా జవాబు చెప్పాలని కూడా చెప్పింది. ఒక్క మాట, వద్దని ఒక్క మాట అంటాడేమోనని అతని ముఖంలోకి చూసింది.

అతను తన చెప్పుల వైపు చూశాడు. “మంచిదేగా. డాక్టరు డాక్టరేనండి,” అన్నాడు.

సుగుణ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. కోపంతో ఏడుస్తున్నానని తనకి తాను చెప్పుకుంది గానీ, అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? అతనంటే ఆమెకి ఇష్టం. ఆ బడుద్ధాయికి చెప్పేదెవరు?

ఆదివారం వచ్చింది, పత్రిక రాలేదు. బండికి ఇంకా రెండు గంటలుందని అన్నమ్మ కూడా సంచితో సహా వచ్చి కూచుంది. సామ్యూల్ వెనకాల గోడకి ఆనుకున్నాడు. బంగారయ్య గొంతు సవరించుకుని నోటుబుక్కు తెరిచాడు.

కథలో డాక్టరు తల్లి పళ్ళూ పూలూ పట్టుకుని మంజీర ఇంటికొచ్చింది. పైడమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది. మంజీర జవాబు చెప్పకుండా లేచి మెట్లు దిగి, మెట్లకింద గది ముందు నిలబడింది. “ఇదేటి, అక్కడికెందుకు?” అని ఎవరో అన్నారు. బంగారయ్య చదువుకుంటూ పోయాడు.

“గవర్రాజు తల ఎత్తాడు. ‘బండి పట్టా మారి క్షేమంగా వెళ్తే, లివరు పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరండి. మీరు చూశారు. డాక్టరు డాక్టరేనని మీతో రెండుసార్లన్నాను. మొదటిసారి ఉడికించడానికి. రెండోసారి, కారున్నవాడికి అడ్డు రావడానికి నాకున్నది సైకిలే కదా అని. ఇంక మీరు తాతగారూ అని రాస్తుంటే, నాకు ఇరవయ్యారేళ్ళేనని చెప్పే దారి తెలీలేదు.’”

సుగుణ చెవులు వేడెక్కాయి. లివరు మాట తను ఈ లోకంలో ఒక్కడికే చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ ఆ వాన, ఆ చెప్పు, ఆ వాషరు, తను కొట్టేసిన ప్రభాకరాలు కూడా, అన్నీ ఇతనివేనా? తల తిప్పి గుమ్మం వైపు చూసింది. పాల్ బయట వానలో నిలబడి ఉన్నాడు. గొడుగు ఉంది, మడిచి చేత్తో పట్టుకున్నాడు. తెరవాలన్న ధ్యాస కూడా లేదు.

బంగారయ్య పేజీ తిప్పాడు. తెల్లగా ఉంది. “ఇక్కడికి ఆపేశాడండి. మిగతాది మంజీర రాయాలట,” అన్నాడు.

డాక్టరు బాబుకి అన్యాయం జరిగిపోతోందని పైడమ్మ లేచింది. చంద్రం సంగతేమిటని ఇంకెవరో లేచారు. వాళ్ళందరి మధ్యనుంచి సుగుణ వెళ్ళి, జడలోంచి పెన్సిలు తీసి, ఆ తెల్ల పేజీ మీద ఒక్క లైను రాసింది. ఈసారి సన్నగా రాయలేదు. బంగారయ్య కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

“‘గవర్రాజు గారూ, నిచ్చెన పట్టుకోండి. నేను దిగుతున్నాను.’”

అన్నమ్మకి సీరియలూ తెలీదు, నోటుబుక్కూ తెలీదు. కానీ మేనకోడలి ముఖం తెలుసు. సంచి గట్టిగా పట్టుకుని లేచింది.

“అరే, ఈ గవర్రాజెవడు? మనవాళ్ళేనా? చర్చికొస్తాడా? జీతమెంత?”

రీడింగ్ రూమ్‌లో ఏనాడూ నోరు విప్పని సామ్యూల్ గోడ దగ్గర్నుంచి కదిలాడు.

“మనవాడేనమ్మా. పాల్ అంటారు. ఉర్లాలో పని. నెల్రోజుల్నించి ఆ పిల్లోడి సైకిలు తిన్నగా ఉర్లా దారిన పోకుండా, మన గుమ్మం మీదుగా చుట్టు తిరిగెళ్తోంది,” అన్నాడు. “పట్టా మారిన బండి నాకు తెలీదేటి?”

తర్వాత గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి రా బాబూ, తడిసిపోతున్నావు అని పిలిచాడు.

ఫోటో తిరుగు బండిలో బిలాస్‌పూర్ వెళ్ళిపోయింది. అన్నమ్మ రెండు వారాలు అలిగి, మూడోవారం పెళ్ళిచీర రంగు ఏమిటని ఉత్తరం రాసింది. పెళ్ళికి బంగారయ్య ఇచ్చిన బహుమతి పదడుగుల నిచ్చెన. దానికి పైడమ్మే పసుపు రాసి, అప్పటికీ డాక్టరే నయమని గొణుక్కుంది.

వానల్లో ఆగిపోయిన సంచికలన్నీ డిసెంబరులో ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అసలు కథలో మంజీరకీ డాక్టర్ ప్రభాకరానికీ అంగరంగ వైభవంగా పెళ్ళయిపోయింది. గవర్రాజు పేరు ఎక్కడా లేదు. కాలనీ అంతా సుగుణ ఏమంటుందోనని చూసింది.

సుగుణ సంచికలన్నీ ఒళ్ళో పెట్టుకుని, బాగుంటుంది, చదువుదాం అంటూ చెయ్యి చాపింది. పాల్ పెన్సిలు చెక్కి ఇచ్చాడు.