నల్ల కొవ్వొత్తుల మధ్య పిల్లి

పశువుల ఆసుపత్రి నర్సు డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చీ రాగానే కుర్చీలో కూలబడింది. ఆ పొద్దున ఆసుపత్రి గుమ్మంలో ఓ నల్లపిల్లి శవం కనిపించింది. చుట్టూ నల్ల కొవ్వొత్తులు, నేలమీద తలకిందులుగా ఎర్రటి నక్షత్రం. డాక్టరు ఆమెను గేటు దాటనివ్వలేదు. సాయంత్రంలోగా నిజం తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే.

"అనుమానం మీ మీదికే ఎందుకొచ్చింది?" అడిగాడు డిటెక్టివ్.

"నేను సైతాను సంఘంలో ఉన్నానని ఎవరో నిన్న డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పారటండీ."

డిటెక్టివ్ అసిస్టెంటు తన కుర్చీని మెల్లగా వెనక్కి జరిపాడు. నర్సు అది చూడనే చూసింది.

"భయపడకండి. మా సంఘంలో సైతాను నిజంగా ఉన్నాడని ఎవరూ నమ్మరు. ఎవరికీ తలవంచకుండా బతకాలనడానికి అదో గుర్తు, అంతే. బలులూ రక్తాలూ సినిమాల్లోనే. ప్రాణుల మీద దయ చూపాలన్నదే మా మొదటి మాట. మొన్ననే నా పెంపుడు పిల్లి జబ్బుచేసి పోయింది. ఇంట్లోనే సెలైన్ పెట్టాను, దక్కలేదు. ఆ ఏడుపు ఆరకముందే ఇది."

"సంఘం సంగతి ఎవరికి తెలుసు?"

"మా అక్కకొక్కదానికే. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. అక్క ప్రాణం పోయినా చెప్పదండీ."

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది వ్యవహారం అనుకున్నాడు అసిస్టెంటు.

ఆసుపత్రిలో డిటెక్టివ్ పిల్లిని తిరగేసి మరీ చూశాడు. ఒంటిమీద ఒక్క గాటు లేదు. నక్షత్రం గీసింది పెయింటుతో. పిల్లి చెవుల్లో మట్టి. ముందుకాలి మీద కొంతమేర బొచ్చు గొరిగి ఉంది. తర్వాత నర్సు ఇంటి పెరట్లోకి ఒక్కడే వెళ్లి, మోకాళ్ల మట్టి దులుపుకుంటూ వచ్చాడు.

సాయంత్రం డాక్టరు గదిలో అందరూ కూర్చున్నారు. నర్సుకు తోడుగా వచ్చిన అక్క చెల్లెలి చెయ్యి వదల్లేదు.

"సైతాను సంఘం వాళ్లు పిల్లుల్ని కోస్తారని గట్టిగా నమ్మినవాళ్లు ఆడిన నాటకమిది," అన్నాడు డిటెక్టివ్. "అయితే కోయడానికి వాళ్లకే చేతులు రాలేదు. పాతిపెట్టిన పిల్లిని తవ్వితెచ్చారు. కాలిమీద బొచ్చు గొరిగింది సెలైన్ సూది కోసం. అమ్మా, మీ పిల్లిని ఎక్కడ పాతిపెట్టారు?"

"పెరట్లో, నీళ్ల ట్యాంకు పక్కన."

"ఇప్పుడక్కడ ఖాళీ గొయ్యి ఉంది. పాతేటప్పుడు మీ పక్కన ఎవరున్నారు?"

ఆ రోజు వానలో గొడుగు పట్టింది ఎవరో నర్సుకు గుర్తొచ్చింది. మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గురువుగారు పట్టేశారని అసిస్టెంటు పొంగిపోబోయి, నర్సు మొహం చూసి ఆగిపోయాడు.

"నా కూతురు రోజంతా పిన్నీ పిన్నీ అని నీ వెంటే తిరుగుతోందే," అక్క భోరుమంది. "దాన్ని కూడా ఆ సైతానుకు అప్పజెప్పేస్తావని భయమేసింది. ఉద్యోగం పోతే ఇక్కణ్ణుంచి వెళ్లిపోతావనుకున్నా."

"సైతానును నేనెప్పుడూ నమ్మలేదక్కా. నిన్ను నమ్మాను."

రేపట్నుంచి డ్యూటీకి రమ్మన్నాడు డాక్టరు, తల దించుకుని. ఆమె తలూపి, తన పిల్లిని తువ్వాల్లో చుట్టి గుండెకు హత్తుకుని బయటికి నడిచింది. ఈసారి ఎక్కడ పాతిపెట్టిందో ఎవరికీ చెప్పలేదు.