గురువారం గుంపు

వంతెనను తీసుకుపోయిన వరద వచ్చాక మూడో ఏడు. ఆ వరదకే కాలేజీ కింది అంతస్తు బల్లలెత్తు బురదలో మునిగింది. గోడలు ఆరేదాకా పాఠాలు ఆగకూడదని చదువంతా కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించే పని ఆఫీసులో టైపు చేసుకునే గంటాయన కోడలి నెత్తిన పడింది. "నీకు కంప్యూటర్ వచ్చు కదమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. అంతే. నేర్పేవాళ్లు లేరు, అడుగుదామంటే పక్కన మనిషి లేదు.

ఆమె మామగారు అదే కాలేజీలో ముప్ఫై ఏళ్లు గంట కొట్టి రిటైరయ్యాడు. అందరికీ ఆయన గంటాయన. చదివింది మూడో తరగతి, మాట్లాడేది అంతకన్నా తక్కువ. "ఊఁ" అంటే సరే అని, "ఊహుఁ" అంటే వద్దని, ఏమీ అనకపోతే కోపమొచ్చిందని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకునేవాళ్లు.

ఆ గురువారం కూడా ఎప్పటిలాగే తెల్లారింది. నీటి మోటార్లు బాగుచేసే కొడుకు గ్రీజు వదలని చేతులతో టీ తాగుతున్నాడు. ఎనిమిదవగానే కోడలు భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. తెర నిండా గళ్లు గళ్లుగా ముఖాలు. వేరువేరు కాలేజీల్లో ఇలాగే కంప్యూటర్లో పాఠాలు నడిపించేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. దాని అసలు పేరు రెండు వరుసలుంటుంది. ఇంట్లో మాత్రం గురువారం గుంపు.

"నలభై తలకాయలు. ఒక్కడైనా టీకి పిలిచిన పాపాన పోలేదు" అన్నాడు కొడుకు.

"పిలిస్తే నాకన్నా ముందెళ్లి కూర్చునేది మీరే" అంది కోడలు తల తిప్పకుండా.

"పోనీ జీతమేమన్నా పెంచుతారా?"

"చెవులు వినపడని అమ్మాయికి పాఠం కింద అక్షరాలు ఎలా వేయాలో తెలీక వారం రోజులు జుట్టు పీక్కున్నాను. వీళ్లు పది నిమిషాల్లో చూపించారు. ఆ అమ్మాయి పాసైంది. ఇంకేం పెంచాలి?"

గుంపుకి ఒక పద్ధతుంది. మొదట ఒక్కొక్కరూ ఆ వారం తాము పాడుచేసిందేమిటో చెప్పాలి. విన్నవాళ్లు అయ్యో అనకూడదు, మందలించకూడదు. "తర్వాత ఏం చేశారు?" అని ఒక్కటే అడగాలి. ఒకరు పడ్డ గుంతలో ఇంకొకరు పడకుండా ఉండటానికి అది. ఆ రోజు కోడలి వంతు వచ్చింది. రెండో ఏడాది వాళ్ల మార్కులు మొదటి ఏడాది వాళ్లందరికీ కనపడేలా పెట్టేశానని నవ్వుతూ చెప్పేసింది.

గంటాయన చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. చేసిన తప్పు నోటితో చెప్పుకోవడమా! అదీ పరాయివాళ్ల ముందు! కాలేజీలో తప్పు పైకి పొక్కితే ఏమవుతుందో ఆయన కళ్లారా చూశాడు. ఒకప్పుడు కాపలాదారు ఉద్యోగం ఒక్క పూటలో ఊడిపోయింది.

"అమ్మాయ్, ఇలాంటివి బయట చెప్పకూడదు" అన్నాడు.

"ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పుకోను మావయ్యా? కాలేజీలో నాకు గోడలే దిక్కు."

ఆయన టీ సగంలోనే వదిలేసి లేచాడు.

మర్నాడు పింఛను కోసం, బతికున్నానని సంతకం పెట్టడానికి కాలేజీకి బయల్దేరాడు. వీధి చివర ఎడమకి తిరిగితే సందులోంచి ఐదు నిమిషాల దారి. ఆయన ఎప్పటిలాగే కుడికి తిరిగి, చాకిరేవు వీధి చుట్టూ నడిచి వెళ్లాడు. సంతకమయ్యాక ప్రిన్సిపాల్ గది ముందు చాలాసేపు నిలబడి, లోపలికి వెళ్లాడు.

"సార్, మా కోడలు చిన్నపిల్ల. వారం వారం బయటివాళ్లకి ఇక్కడి పొరపాట్లు చెప్పేస్తోంది. మెల్లగా మాన్పించండి. దాని ఉద్యోగం మాత్రం జాగ్రత్త."

ప్రిన్సిపాల్ మెల్లగా మాన్పించలేదు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఆ సంఘంలో కూర్చోకూడదు, అక్కడ చెప్పుకున్నవి రాసి వాళ్లు కంప్యూటర్‌కి పంపే కాగితాలు చూడకూడదు. ఎవరు చెప్పారో ఆమెకు తెలియలేదు. తర్వాత మూడు గురువారాలు ఎనిమిదయ్యేసరికి ఆమె గడియారం వంక చూసేది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. గంటాయన చూస్తూ ఊరుకున్నాడు. ఉద్యోగం నిలబడింది కదా అనుకున్నాడు.

నాలుగో వారం బుధవారం చివరి ఏడాది పరీక్ష. రెండువందల పన్నెండు మంది ఎవరి ఇళ్లలో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తున్నారు. ఇంకా అరగంట ఉందనగా పరీక్ష దానంతటదే మూసుకుపోయింది. ఫోన్లు మోగడం మొదలైంది. గదిలో కోడలు ఒక్కతే. ఎవర్ని అడగాలి? మళ్లీ తెరిచే మీట నొక్కింది. పరీక్ష తెరుచుకుంది. తెల్లగా తెరుచుకుంది. అప్పటిదాకా రాసినదంతా, అందరిదీ, చెరిగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో కూలబడింది.

"రేపట్నించి రావద్దన్నారు. విచారణ వేస్తారట."

"వేయనీ. చంపేస్తారా ఏంటి?" అన్నాడు కొడుకు. గొంతులో ధైర్యం లేదు.

"నా సంగతి కాదండీ. పిల్లల్లో తొమ్మిది మందికి ఇదే ఆఖరి అవకాశం. ఒకమ్మాయి ఫోన్లో ఏడవను కూడా ఏడవలేదు. 'నేను రాశాను మేడమ్, నేను రాశాను' అని అంటూనే ఉంది. ఏం చెప్పను?"

కాసేపటికి లేచి కంప్యూటర్ తెరిచింది. ఇంకా ఎవరి ఉత్తర్వుకి భయపడాలి? గుంపు పంపిన మూడు వారాల కాగితాలూ అందులోనే ఉన్నాయి. రెండోది చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కంప్యూటర్‌ను మామగారి వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఈ... వారం... నేను పాడుచేసింది. కంప్యూటర్లో... కొత్త మార్పు దిగాక... పరీక్ష గడియారం... అరగంట ముందుకు జరుగుతోంది. ముందే... సరిచూసుకోండి. మూసుకుపోతే... మళ్లీ తెరవొద్దు. రాసినవి... చెరిగిపోతాయి. ఏ వేళైనా... మాకు ఫోన్ చేయండి."

కింద ఫోన్ నంబరుంది. వేలు ఆ నంబరు మీదే ఉండిపోయింది.

"రెండు వారాల ముందే చెప్పారు!" కొడుకు బల్ల మీద గుద్దాడు. "అసలు నిన్ను మాన్పించింది ఎవడు? ప్రిన్సిపాల్ చెవిలో ఊదిందెవడో తెలిస్తే..."

కోడలు తల వంచుకుంది. అది ఎవరో ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ ఆమెకు చెప్పేశాడు.

"నేనే" అన్నాడు గంటాయన.

కొడుకు గిర్రున ఆయన వైపు తిరిగాడు. "ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు నాన్నా. అందులో ఒకటి ఇదా!"

"కాపాడదామనుకున్నాను."

"కాపాడారా మావయ్యా?" ఆమె గొంతు హెచ్చలేదు. అదే ఆయనకు ఎక్కువ తగిలింది. "నాకు తెలీనిది అడగడానికి నలభై మంది ఉండేవాళ్లు. ఇవాళ ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తప్పు చెప్పుకుంటే పరువు పోతుందని మీరు భయపడ్డారు. చెప్పుకోలేకపోయినందుకే రెండువందల పన్నెండు మంది రాసింది పోయింది."

 ఆ పూట పళ్లేలు ఎవరూ ముట్టలేదు.

తెల్లారి గురువారం. ఎనిమిదింటికి కోడలు ఎర్రబడ్డ కళ్లతో బల్ల ముందు కూర్చుంది. ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి. జరిగిందంతా చెప్పింది. "తర్వాత ఏం చేశారు?" అని అడిగింది నెరిసిన జుట్టు పెద్దావిడ.

"ఎవర్నీ అడక్కుండా మీట నొక్కాను."

"మేం ఇక్కడే ఉన్నాం కదమ్మా" అంది పెద్దావిడ. పోయిన రాతలు తెచ్చే దారి వాళ్లకీ తెలియదు. ఇది యంత్రంలో ఉన్న లోపమని, తమలో నలుగురికి ఇదే జరిగిందని విచారణకు రాసిస్తామన్నారు. పిల్లలకు మళ్లీ పరీక్ష పెట్టమని అందరి తరఫునా అడుగుతామన్నారు. పెడతారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు గంటాయన కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చున్నాడు.

"నేనూ ఒకటి పాడుచేశాను" అన్నాడు. "ఈ వారానిది కాదు. ఇరవయ్యారేళ్లయింది. పరీక్ష రోజు గడియారం ఆగితే ముల్లు నేనే తిప్పాను. ఇరవై నిమిషాలు ఎక్కువ తిప్పేశాను. ఆఖరి గంట ముందే కొట్టాను. పిల్లల చేతుల్లోంచి కాగితాలు లాక్కున్నారు. ఎవరు చేశారని అడిగితే నోరెత్తలేదు. గడియారం చూసుకునే పని కాపలాదారుది. వాణ్ని తీసేశారు. ఏడేళ్లకి వాడు పోయాడు. వాడి భార్య ఇంకా కాలేజీకెళ్లే ఆ సందులోనే ఉంటోంది. అప్పట్నించీ తప్పంటే నాకు భయం. ఆ భయంతోనే ఈ పిల్ల బతుకూ పాడుచేశాను."

కోడలు ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో మావయ్య ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు. కోపం దిగకపోయినా, బల్ల మీదున్న ఆ ముసలి చేతుల మీద తన చెయ్యి వేసింది.

తెరలో ఎవరూ అయ్యో అనలేదు. పెద్దావిడ అందర్నీ అడిగినట్టే అడిగింది.

"తర్వాత ఏం చేశారు పెద్దాయనా?"



"ఏమీ చేయలేదమ్మా."

లేచి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. "ఎక్కడికి మావయ్యా?" అంది కోడలు. ఆయన గుమ్మం దిగాడు. వీధి చివర కాళ్లు అలవాటుగా కుడికి తిరగబోయాయి. ఆగి, ఎడమకి తిరిగి సందులోకి నడిచాడు. మూడో ఇల్లు కాపలాదారుది. గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టాడు.