పాట ఆగిన చోటు

ఓజెల్లా బిబ్స్ కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచీ గుండెకు హత్తుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"ఈ ఆదివారం నన్ను ఆర్గన్ మీంచి లేపేస్తారు," అంది. "ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల మీద కూర్చున్నాను. నేనేం పాపం చెయ్యలేదయ్యా."

లూషియస్ టార్వర్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. డిటెక్టివ్ కాకముందు ఆయన పాతికేళ్ళు రైలు పడక బోగీల్లో పక్కలు పరిచాడు. తెర వెనక పడుకున్నవాడు నిద్రపోతున్నాడో, నటిస్తున్నాడో ఊపిరి విని చెప్పేస్తాడు. ఆయన సహాయకురాలు వెర్నెల్ ఈ సంగతి అడిగినవాళ్ళకీ చెబుతుంది, అడగనివాళ్ళకీ చెబుతుంది.

"ఎవరమ్మా లేపేది?"

"మా చర్చి పాస్టరు, ఫాండ్రెన్ అయ్యగారు. రేడియోలో వస్తోందే, 'పెనం మీద చేప', ఆ పాట నాది. మా ఆయన చనిపోయిన ఏడాది అల్లుకున్నాను. కోయిర్ ప్రాక్టీసు అయ్యాక, పిల్లలు సంచులు సర్దుకుంటుంటే, నా మటుకు నేను వాయించుకునేదాన్ని. వాళ్ళు రేడియోలో గుర్తుపట్టి అయ్యగారి చెవిన వేశారు. నేను బీరు కొట్లకి అమ్ముకున్నానని ఆయన పీఠం మీంచి అందరి ముందూ అనేశారు. రికార్డు మీదేమో క్లైడ్ రేనీ అని ఉంది. నేనతని మొహం కూడా చూడలేదు."

"ఇంకెవరైనా అతనికి చేరవేసి ఉంటారా?"

ఆమె సంచీ ఇంకా గట్టిగా పట్టుకుంది. "మా మేనల్లుడు టాల్మేజ్ ఆ రికార్డులో డ్రమ్ములు కొట్టాడు. వాడు చెయ్యడయ్యా."

ఆమె వెళ్ళగానే వెర్నెల్ అంది, "మేనల్లుడే. ఇంక వెతకడం ఎందుకు సార్?"

"ముందు రికార్డు పెట్టు."

పాటలో ఒక్క మాట లేదు. ఆర్గన్, గిటార్, డ్రమ్ములు, అంతే. దక్షిణ మెంఫిస్ నల్లవాళ్ళ వీధుల్లో ఆ వేసవి, అరవై నాలుగులో, అది వినపడని కిటికీ లేదు. నాలుగో వరసలో పాట ఉన్నట్టుండి ఆగుతుంది. ఒక్క దెబ్బ మేర నిశ్శబ్దం. మళ్ళీ ఎత్తుకుంటుంది. కుర్రాళ్ళు ఆ ఆగే చోటు కోసమే పాటల పెట్టెలో డబ్బులు వేసి వింటున్నారు. టార్వర్ ఆ చోటుకే సూదిని మూడుసార్లు వెనక్కి పెట్టించాడు.

చర్చిలో ఓజెల్లా వాళ్ళ కోసం ఆ పాట వాయించింది. నాలుగో వరసలో ఆమె వేలి కింద ఆర్గన్ మెట్టు ఒకటి కిందికి దిగి అక్కడే అతుక్కుపోయింది, మోత ఆగకుండా సాగింది. ఆమె కాలి కింది పెడల్‌తో శబ్దాన్ని అణిచేసి, బొటనవేలి గోటితో మెట్టును పైకి లేపి, మళ్ళీ అందుకుంది.

"ఇది ఎప్పట్నించి ఇలా?" అన్నాడు టార్వర్.

"మొదట్నించీ. బాగుచేయించమంటే అయ్యగారు పైకప్పు ముందంటారు. ఇక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకీ నా గోటి సంగతి తెలుసు."

టాల్మేజ్ వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, కళ్ళు ఎత్తడం లేదు.

"పాట నువ్వు ఇచ్చావా?"

"లేదు సార్. ఆ రోజు పాడేవాడు రాలేదు. ఊరికే కూర్చోవడం దేనికని క్లైడ్ ఇది ఎత్తుకున్నాడు. నేను ఆగకుండా కొట్టుకుపోయా. డ్రమ్ము కర్ర విసిరాడు నా మీదికి! 'ఆగరా గాడిదా, అక్కడ ఆగాలి' అని."

"మీ అత్త పాటని చెప్పలేదేం?"

"అత్తే ఇచ్చిందేమో అనుకున్నా." గొంతు తగ్గించాడు. "అడిగితే పని పోతుందని అడగలేదు."

"అడగడానికి నోరు లేదు గానీ, నా ఇంట్లో తినడానికి ఉంది!" అంది ఓజెల్లా. 

ఆర్గన్ వెనక పల్చటి చెక్కగోడ. దాని అవతల ఫాండ్రెన్ అయ్యగారి గది. నున్నటి గడ్డం, మడత నలగని చొక్కా.

"నేను ఆ రికార్డు వినలేదు. మా ఇంట్లో రేడియో లేదు," అన్నాడు. "ఆవిడ ప్రాక్టీసు తర్వాత ఏం వాయిస్తుందో కూడా నాకు తెలీదు. ఆ వేళ ప్రసంగం రాసుకుంటుంటాను. కోయిర్ వాళ్ళు చెప్పారు, నేను ఖండించాను."

"మంచిది. గడ్డం బాగా గీశారే, ఎవరు?"

"మూల మీద మంగలి కొట్టువాడు. శనివారం గీయించుకోకుండా నేను పీఠమెక్కను. ఇది కూడా నేరమా?"

"ఇంకా కాదు అయ్యగారూ."

వెర్నెల్ నవ్వు ఆపుకుంది.

క్లైడ్ రేనీ బ్యాండు వాయించే స్టూడియో ఒకప్పటి సినిమా హాలు. ఏటవాలు నేల మీద క్లైడ్ చేప రొట్టె తింటూ కనబడ్డాడు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందేమిటి పెద్దాయనా? ఒక శనివారం టాల్మేజ్ వాళ్ళ చర్చి మూల మీది మంగలి కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద వేడి తువ్వాలు వేయించుకుని కునుకు తీస్తున్నా. దేవుడు చెవిలో ఊదాడు."

"ఆగే చోటుతో సహానా?"

"అదే కదా పాట! అది తీసేస్తే మిగిలేది ఉత్త చేప."

బయటికొచ్చాక వెర్నెల్ అడిగింది, "నమ్మారా?"

"సగం. చెవిలో ఊదాడు, నిజం. దేవుడు మాత్రం కాదు."

శనివారం మధ్యాహ్నం టార్వర్ అందర్నీ చర్చికి పిలిపించాడు. ముందుగానే టాల్మేజ్ చేత ఆ అతుక్కునే మెట్టు పక్కలు సన్నగా గీకించాడు. క్లైడ్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. అయ్యగారు గడియారం చూసుకున్నాడు.

"ఒక్క పని," అన్నాడు టార్వర్. "సిస్టర్ ఓజెల్లా ఏదో వాయిస్తారు. మీరంతా కాలితో తాళం వెయ్యండి. చర్చిలో అది పాపం కాదుగా?"

ఆమె మొదలుపెట్టింది. మూడు జతల బూట్లు నేల మీద కలిసి పడ్డాయి. నాలుగో వరస వచ్చింది. మెట్టు కిందికి దిగి చక్కగా పైకి వచ్చింది, పాట ఆగకుండా సాగిపోయింది.

టాల్మేజ్ కాలు ఆగలేదు. క్లైడ్ కాలు గాల్లో ఆగింది. దాని పక్కనే, మెరిసే నల్ల బూటు ఇంకోటి గాల్లో ఆగింది.

అయ్యగారు తన కాలు వంక తానే చూసుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు టార్వర్. "ఆ ఆగడం పాటలో లేదు. అది అతుక్కున్న మెట్టు. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరూ ఆవిడ గోరు చూశారు. అందుకే ఈ కుర్రాడు మొదటి రోజే ఆగకుండా కొట్టి కర్ర దెబ్బ తిన్నాడు. క్లైడ్‌కి చేరిన పాటలో ఆగడం ఉంది. అంటే చేర్చినవాడు చూడలేదు, విన్నాడు. గోడ అవతల్నించి."

"అబద్ధం," అన్నాడు అయ్యగారు. 

"రికార్డు విననివారు, ఆవిడ వాయించేది తెలియనివారు, ఎక్కడ ఆగాలో మీ కాలికెవరు చెప్పారు?"

అయ్యగారు బూటును బల్ల కిందికి లాక్కున్నాడు.

"మీరు అమ్మలేదు, అది నాకు తెలుసు. ఏడాదిగా వింటున్నారు. నోట్లో నానింది. శనివారాలు గడ్డానికి సబ్బు పట్టించుకుంటూ కూనిరాగం తీశారు. పక్క కుర్చీలో తువ్వాలు కింద ఇతను కునుకు తీస్తున్నాడు."

క్లైడ్ టోపీ నేల మీద పడింది. "ఆ ముక్కుగొంతు మీదా అయ్యగారూ! నేను ఇన్నాళ్ళూ దేవుడనుకున్నా!"

ఎవరూ నవ్వలేదు. పాట పుట్టించేది ఒకరు, పేరు పెట్టుకునేది ఇంకొకరు, తిట్లు తినేది మళ్ళీ పుట్టించినవాళ్ళే. దక్షిణ మెంఫిస్‌లో ఇది కొత్త సంగతి కాదు. కొత్తగా ఆ రోజు జరిగింది ఒకటే, అది రుజువైంది.

అయ్యగారు మెల్లగా అన్నాడు, "గోడ తట్టి ఆపమని చెప్పొచ్చు. చెప్పలేదు. నాకు... బాగుండేది. అందుకే కోపం వచ్చింది. క్షమించు తల్లీ."

ఓజెల్లా బల్ల మీంచి లేవలేదు.

"నన్ను తిట్టింది పీఠం మీంచి. ఇది కూడా పీఠం మీంచే చెప్పండి, రేపు. నా చెవిలో కాదు." తర్వాత క్లైడ్ వైపు తిరిగింది. "నువ్వు రికార్డు మీద పేరు మార్పించు. పూర్తిగా రాయించు, ఓజెల్లా బిబ్స్ అని. ఎవరి భార్యనో, ఎవరి అత్తనో అక్కర్లేదు."

"మారుస్తానమ్మా. కానీ కొత్తగా వాయిస్తే ఆగుతారా, ఆగరా?"

ఆమె ఆర్గన్ మూత దించింది.

ఆదివారం వెర్నెల్, టార్వర్ వెనక వరసలో కూర్చున్నారు. అయ్యగారు పీఠమెక్కి, చెప్పాల్సింది చెప్పాడు. తడబడ్డాడు గానీ మింగలేదు. కానుకల పళ్ళెం కదిలే వేళ ఓజెల్లా ఆ పాటే ఎత్తుకుంది. నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి చర్చంతా, ముసలీ ముతకా, కోయిర్ పిల్లలూ, కాలు గాల్లో పెట్టి ఆమె చెయ్యి వంక చూశారు.

మెట్టు బాగానే ఉంది. గోటితో ఇప్పుడు పని లేదు.

అయినా ఆమె ఆగింది. ఈసారి తనంతట తనే.